పెద్ద నదిలో ఫ్లై, ఒడ్డున ట్రైపాడ్

పెద్ద నది కనబడగానే గాలం ఉన్నవాళ్లు నడిమధ్యకి విసరాలనుకుంటారు, కెమెరా ఉన్నవాళ్లు నది మొత్తాన్నీ ఒక్క ఫ్రేములో ఇరికించాలనుకుంటారు. ఇద్దరూ వెతకాల్సింది వడి నీరూ నిదానపు నీరూ ఒరుసుకునే గీత. ట్రౌట్ అనే చల్లనీటి చేప నిదానపు వైపు నిలబడి, పక్క వడిలో కొట్టుకొచ్చే పురుగుల్ని అందుకుంటుంది. ఎక్కువ ఈదకుండా కడుపు నింపుకునే చోటు అదే. నురగా ఆ గీత వెంటే పోతుంది. షట్టర్‌ని అర సెకను తెరిచి ఉంచితే ఆ నురగే తెల్లటి చారలై, చూపుని ఒడ్డు నుంచి దూరపు కొండల దాకా తీసుకెళ్తుంది.

ఫ్లై అంటే పురుగులా కట్టిన ఎర. దాన్ని విసరడానికి తొమ్మిది అడుగుల 5-వెయిట్ రాడ్ చాలు (ఆ అంకె రాడ్‌కి సరిపడే లైన్ బరువుది). గాలి ఎక్కువుంటే 6-వెయిట్ నయం. లైన్ చివర కట్టే సన్నటి దారం, అంటే లీడర్, కూడా తొమ్మిది అడుగులు. లీడర్ కొసన ఫ్లై కట్టే భాగం టిప్పెట్. దాని మందం నంబరుకి సులువైన లెక్క: ఫ్లై సైజుని మూడుతో భాగించండి. 12కి 4ఎక్స్, 14కి 5ఎక్స్, అంటే దాదాపు 0.15 మి.మీ. మందం.

ఇక్కడ చేప తప్పిపోయేది ఎక్కువగా డ్రాగ్ వల్లే. మీకూ ఫ్లైకీ మధ్య వడి నీరుంటే లైన్ వంపు తిరిగి ముందుకి కొట్టుకుపోతుంది, వెనకాలే ఫ్లైని ఈడుస్తుంది. నిజం పురుగు అలా నీటి మీద గీత గీసుకుంటూ పోదు, చేప దాని జోలికి రాదు. లైన్ నీళ్ల మీద పడీ పడగానే రాడ్ కొన ఎత్తి ఆ వంపుని ఎగువకి తిప్పి వేయాలి. దీన్నే మెండ్ అంటారు. లైన్ బిగిశాక మెండ్ చేస్తే ఆ కుదుపుకే ఫ్లై జరుగుతుంది. మధ్యలో నిదానపు నీరు, అవతల వడి ఉంటే మెండ్ దిగువకి.

కళ్లకి పోలరైజ్డ్ అద్దాలు ఎప్పుడూ ఉండాల్సిందే. లెన్స్ మీది పోలరైజర్ సంగతి వేరు. నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల వాలులో చూసినప్పుడు అది మెరుపుని బాగా కోసేస్తుంది, అడుగు రాళ్లు తేటగా కనిపిస్తాయి. కానీ సాయంత్రం నీటి మీది బంగారు మెరుపే కదా ఫొటో! అప్పుడు ఫిల్టర్ పూర్తిగా తిప్పితే మిగిలేది నల్లటి నీరే. 24 మి.మీ. కన్నా వెడల్పు లెన్స్‌తో ఇంకో తంటా ఉంది: సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఆకాశం ముదురు మచ్చలా పడుతుంది.

ఐఎస్‌ఓ (సెన్సార్ సున్నితత్వం) 100, ఎపర్చర్ ఎఫ్/11, షట్టర్ పావు సెకను నుంచి ఒక సెకను దాకా పెడితే నీటి కదలిక తెలుస్తుంది. వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వేసి ముప్ఫై సెకన్లు లాగితే నది విరిగిన పాలలా తయారవుతుంది, నాకు నచ్చదు. విసిరిన లైన్ గాల్లో తిరిగే వంపుని, అంటే లూప్‌ని, ఫొటోలో పట్టాలంటే 1/1000 సెకను కావాలి. ఎండ లైన్ వెనక నుంచి పడాలి, దాని వెనక నీడ పడ్డ కొండవాలు ఉండాలి. తెల్లటి ఆకాశం ముందు లైన్ కనిపించనే కనిపించదు. రాడ్ ముందుకొచ్చి ఆగిన క్షణంలో నొక్కండి.

ట్రైపాడ్‌ని వడిలో నిలబెడితే కాళ్లు సన్నగా వణుకుతాయి, తెరమీద తెలియదు, పెద్దది చేసి చూస్తే తెలుస్తుంది. తప్పనప్పుడు ఒక కాలు ఎగువకి పెట్టి గులకరాళ్లలోకి గట్టిగా దించండి. ఎగువన డ్యాం ఉంటే నీటి అంచున ఒక రాయిని గుర్తు పెట్టుకోండి, అది మునుగుతోందంటే వెంటనే ఒడ్డెక్కాలి.

చేపతో ఫొటోకి కెమెరా ముందే సిద్ధం చేసుకోవాలి, అంతవరకు చేప వలలో, నీళ్లలోనే. కొక్కేనికి ముల్లు లేకపోతే ఊడదీయడం తేలిక. చేతులు తడుపుకుని, తోక మొదలూ పొట్ట కిందా పట్టుకుని, నొక్కకుండా, మొప్పల్లో వేళ్లు పెట్టకుండా ఎత్తండి. నీళ్లు కారుతుండగానే క్లిక్ అయిపోవాలి. నీటి వేడి 20 డిగ్రీలు దాటితే మాత్రం రాడ్ మడిచేయండి. వెచ్చని నీటిలో ఆక్సిజన్ తక్కువ, చక్కగా ఈదుకుంటూ వెళ్లిన ట్రౌట్ కూడా తర్వాత చచ్చిపోవచ్చు.