లామస్ రొట్టె, డబ్బాల లెక్క, కాస్త మంత్రం

ఆగస్టు 1న లామస్, అంటే ఇంగ్లండ్ వైపు కోతల పండగ, దగ్గర పడుతోందంటే చాలు, నా ఫీడ్ నిండా కిచెన్ విచ్ (వంటింటి మంత్రగత్తె) వీడియోలే. బే ఆకు మీద "డబ్బు" అని రాసి కాల్చెయ్యండి, నెల మొదటి రోజు గుమ్మంలో నిలబడి దాల్చినచెక్క పొడి లోపలికి ఊదండి, పర్సులో బేసిల్ ఆకు పెట్టుకోండి, ఇక సమృద్ధి వెతుక్కుంటూ వచ్చేస్తుంది. చూడ్డానికి బానే ఉంటాయి, నేనూ చూస్తా, లైకులు కూడా కొడతా. కానీ ఒకటి మాత్రం నాకు మింగుడు పడదు. కోతల కాలం అంటే అడిగే కాలం కాదు కదా, వచ్చిందాన్ని లోపల పెట్టుకుని దణ్ణం పెట్టుకునే కాలం. పంట ఇంటికొచ్చిన రోజు కూడా ఇంకా ఇవ్వు ఇంకా ఇవ్వు అంటూ కూర్చుంటే ఇచ్చేవాళ్ళకి ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

విచ్ అనే మాట వినగానే కంగారు పడేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, ఇది చేతబడి కాదు, ఎవరి మీదా ఏమీ ప్రయోగించడం ఉండదు. వండేటప్పుడు ఒక ఉద్దేశం మనసులో పెట్టుకుని, చేతిలో ఉన్న దినుసు మీద ధ్యాస పెట్టి వండటం, అంతకు మించి పెద్ద తంతు లేదు. వేరే గది అక్కర్లేదు, స్పెషల్ సామాను కొనక్కర్లేదు, రోజూ వాడే పొయ్యి, రోజూ వాడే గరిట చాలు. నాకు ఇది నచ్చింది కూడా అందుకే.

ప్రకృతిని కొలిచే ఇప్పటి పేగన్లు, వాళ్ళలో ఒక శాఖ అయిన విక్కన్లు పాటించే సంవత్సర చక్రంలో ఎనిమిది పండగలుంటే అందులో మూడు కోతలవే. ఆగస్టు 1న లామస్, ఐర్లండ్ వైపు అయితే లూనసా, ఇది ధాన్యం కోత. సెప్టెంబర్ 22, 23 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజున మేబన్, పళ్ళ కోత. అక్టోబర్ 31న సావిన్, చలికాలానికి ముందు పశువుల్ని కోసి మాంసం దాచుకునే చివరి కోత. ఈ మొత్తం చక్రం వేల ఏళ్ళ నుంచి ఇలాగే వస్తోంది అని ఎవరైనా చెప్తే నమ్మెయ్యకండి. ఎనిమిదీ ఒక చోట కూర్చింది 1950ల్లో ఇంగ్లండ్‌లో, విక్కాని జనంలోకి తెచ్చిన జెరాల్డ్ గార్డ్‌నర్ వాళ్ళూ, పాత కెల్టిక్ పూజారుల పేరు పెట్టుకున్న రాస్ నికోల్స్ డ్రూయిడ్లూ కలిసి. మేబన్ అనే పేరైతే మరీ కొత్తది, 1970ల్లో అమెరికాలో ఏడన్ కెల్లీ అనే విక్కన్ పెట్టాడు. దాని వల్ల నాకేం తేడా పడదు, కొత్త పండగైతే మాత్రం చేసుకోకూడదా ఏంటి, కాకపోతే పాతది కానిదాన్ని పాతదని చెప్పుకోవడం ఎందుకు?

లామస్ మాత్రం నిజంగా పాతదే. ఇంగ్లండ్‌లో కొత్త గోధుమలతో చేసిన మొదటి రొట్టెని ఆ రోజు చర్చికి తీసుకెళ్ళి దీవెన చేయించుకునేవాళ్ళు. అసలు అప్పట్లో ఈ రోజంటే ఎందుకంత సంబరం అనేది అర్థం కావాలంటే దానికి ముందు నెల చూడాలి. జూలై అక్కడ ఆకలి నెల. పోయినేడు గింజలు గాదెలో అడుగంటిపోయి, కొత్త పంట చేలో కళ్ళ ముందే బంగారంలా ఊగుతూ ఉంటుంది కానీ ఇంకా కోతకి రాదు, రొట్టె ధర చూస్తే కొండెక్కి కూర్చుంటుంది, పేదవాళ్ళు బఠాణీలూ చిక్కుళ్ళూ ఏ గింజ దొరికితే ఆ గింజ పిండిలో కలుపుకుని రోజులు నెట్టేవాళ్ళు. అలాంటి నెల దాటాక మొదటి కొత్త రొట్టె ముక్క నోట్లో పెట్టుకున్నవాడికి గ్రాటిట్యూడ్ జర్నల్ రాయమని ఎవరూ చెప్పక్కర్లేదు.

నాకు చాలా ఇష్టమైన వంటింటి మంత్రం కూడా ఈ లామస్‌దే. దాదాపు వెయ్యేళ్ళ నాటి ఒక ఆంగ్లో సాక్సన్ (పాతకాలపు ఇంగ్లండ్) రాతప్రతిలో ఉంది: లామస్ రోజు దీవించిన రొట్టెలోంచి నాలుగు ముక్కలు తీసుకుని, ధాన్యం కొట్టు నాలుగు మూలల్లో నలిపి వెయ్యాలి, కొట్టుకి అదే కాపలా. గమనించారా, ఇందులో కొత్తగా ఏదీ అడగట్లేదు, ఉన్నది చెడిపోకుండా ఉంటే చాలు అంటున్నారు. (ధాన్యం కొట్టులో మూలకో రొట్టె ముక్క వేస్తే ఎలకలు ఏమనుకునేవో అని నాకో డౌటు, అది వేరే విషయం.)

అందుకే నా వరకు సమృద్ధి మంత్రం డబ్బాలు దించడంతో మొదలవుతుంది. జూలై చివరి వారంలో వంటింటి అల్మారా మొత్తం ఖాళీ చేస్తా, పై అరలో స్టూలు ఎక్కితే తప్ప అందనివి కూడా. ప్రతి డబ్బా మూత తీసి, వాసన చూసి, చేత్తో కాస్త తీసి చూసి, "పిండి ఉంది", "పప్పు ఉంది", "తేనె ఉంది" అని పైకే అంటా. పైకి అనడమే ముఖ్యం, మనసులో అనుకుంటే కుదరదు. మొదట్లో కొంచెం సిగ్గుగా ఉంటుంది, సగం అర అయ్యేసరికి సిగ్గు పోయి వేరే ఏదో మొదలవుతుంది, అమ్మో ఇంత ఉందా అని. సమృద్ధిని ఆకర్షించడానికి కొత్త దాల్చినచెక్క ప్యాకెట్ కొందామనుకునేవాళ్ళలో చాలామంది ఇళ్ళలో రబ్బరు బ్యాండు వేసిన సగం ప్యాకెట్లు వెనకాల ఎక్కడో పడే ఉంటాయి, పందెం. పురుగు పట్టినవి తీసేసి, డబ్బా కడిగి, తడి లేకుండా బాగా ఆరాక అడుగున పాత సరుకు పైకి వచ్చేలా నింపుకోవాలి, పాతదాని మీద కొత్తది పోసేస్తే కింద ఉన్నది ఎప్పటికీ కిందే ఉండిపోతుంది. ఆ వారమంతా కొత్త సరుకు కొనను, అడుగు బొడుగు ఉన్నవాటితోనే వండుతా. మన ఆకలి నెల అనుకోండి, డమ్మీ ఆకలి, అయినా పనిచేస్తుంది.

తర్వాత రొట్టె. ఇది పూర్తిగా చెప్తా ఎందుకంటే దీంట్లోనే అసలు మజా. గ్లూటెన్ ఎక్కువుండే బ్రెడ్ పిండి 500 గ్రాములు, డ్రై ఈస్ట్ 7 గ్రాములు, ఉప్పు 8 నుంచి 10 గ్రాములు, ఒక చెంచా తేనె, నీళ్ళు 300 మిల్లీలీటర్లు పోసి చూసుకుని ఇంకా పొడిగా ఉంటే కొంచెం కొంచెం పెంచుకోవాలి, ముడి గోధుమ పిండి అయితే ఇంకాస్త తాగుతుంది. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, కాలేంత వేడిగా ఉంటే ఈస్ట్ చచ్చిపోతుంది, అప్పుడు ఏ మంత్రమూ కాపాడదు. పది నిమిషాలు మర్దించాలి. కృతజ్ఞత చెప్పుకోవడానికి ఈ పది నిమిషాల కంటే మంచి టైము ఉండదు, ఎందుకంటే చేతులు ఖాళీ లేవు, ఫోన్ పట్టుకోలేం. నేను ఒక్కో మడతకి ఒకళ్ళని తలుచుకుంటా, విత్తినవాళ్ళు, కోసినవాళ్ళు, మర పట్టినవాళ్ళు, రాత్రంతా లారీ నడిపినవాళ్ళు, షాపులో బస్తా దించినవాళ్ళు, నాకు మొదట పిండి కలపడం నేర్పినవాళ్ళు. పేర్లు తెలియకపోయినా పర్లేదు. పిండి మొదట చేతికి అంటుకుంటూ విసిగిస్తుంది, పొడి పిండి చల్లాలని చెయ్యి లాగుతుంది, చల్లకండి, ఓపిక పడితే అదే సాగి నున్నగా వచ్చి గిన్నె వదిలేస్తుంది.

గుడ్డ కప్పి గంటా గంటన్నర వదిలేస్తే రెట్టింపు అవుతుంది. ఈస్ట్ చక్కెరలు తిని కార్బన్ డయాక్సైడ్ వదుల్తుంది, గ్లూటెన్ దాన్ని పట్టి ఉంచుతుంది, సైన్స్ అంతే, నాకు తెలుసు. తెలిసినా గుడ్డ తీసినప్పుడల్లా ఆశ్చర్యమే. మళ్ళీ అణిచి, ఉండ చేసి, ఇంకో అరగంట ముప్పావుగంట పొంగనిచ్చి, పైన చాకుతో గోధుమ కంకి గుర్తు గీసి 220 డిగ్రీల్లో 30, 35 నిమిషాలు కాల్చాలి. ఆ గాటు మంత్రం నమ్మేవాళ్ళకి గుర్తు, నమ్మనివాళ్ళకీ గాటు పెట్టక తప్పదు, లేకపోతే రొట్టె తనకిష్టమైన చోట పగులుతుంది. తీశాక వెనక తట్టి చూస్తే డొల్ల శబ్దం రావాలి. నాలుగు ముక్కలు తుంచి వంటింటి నాలుగు మూలల్లో పెడతా, ఆ పాత మంత్రం లాగే, కాకపోతే నలిపి వదిలెయ్యను, చిన్న ప్లేట్లలో పెట్టి పొద్దున్నే తీసి పక్షులకి వేసేస్తా, చీమలతో నాకు గొడవలొద్దు.

ఓపిక ఉన్నవాళ్ళు కట్ట రొట్టె చెయ్యొచ్చు, ఇంగ్లండ్ చర్చిల్లో హార్వెస్ట్ ఫెస్టివల్‌కి పెట్టేది, గోధుమ పన ఆకారంలో ఉంటుంది. ఈ చర్చి పండగ ఇప్పుడున్న రూపంలో 1843లో కార్న్‌వాల్‌లోని మోర్విన్‌స్టోలో రాబర్ట్ హాకర్ అనే పాస్టర్ మొదలుపెట్టిందే అంటారు. దీనికి పిండి గట్టిగా, ఈస్ట్ తక్కువగా ఉండాలి, ఎక్కువ పొంగితే కంకులన్నీ కలిసిపోయి ముద్ద అవుతుంది. సన్నటి తాళ్ళలా చేసి కాడలు, చిన్న ముద్దల మీద కత్తెర కొసతో చిన్న చిన్న గాట్లు పెడితే గింజలు లేచినట్టు కంకులు, పైన గుడ్డు పూత. ఇక చివర్లో కాడల మీద ఎక్కుతూ ఒక చిన్న ఎలక ఉండాలి, అది లేకపోతే కట్ట రొట్టె కానే కాదు. కళ్ళకి మిరియాలు. పంటలో దాని వాటా దానికి రాసిపెట్టే ఉందన్నమాట, కొట్టు మూలల్లో రొట్టె నలిపినవాళ్ళకి ఇది తెలుసనే నా నమ్మకం.

మిగతా వంటింటి మంత్రాలు గబగబా చెప్పేస్తా. కావాల్సిందాన్ని లోపలికి పిలవాలంటే గడియారం ముల్లు తిరిగే వైపు కలపాలి, వదిలించుకోవాల్సిందైతే ఎదురు వైపు. రోజ్‌మేరీ జ్ఞాపకానికి, ఉప్పు రక్షణకి, దాల్చినచెక్కా లవంగం సంపదకి. ఆపిల్‌ని అడ్డంగా కోస్తే మధ్యలో అయిదు కోణాల నక్షత్రం కనిపిస్తుంది, మేబన్‌కి ఆపిల్స్ వాడేటప్పుడు ఇలా కోసి పిల్లలకి చూపిస్తే నోరెళ్ళబెడతారు. బే ఆకు గురించి ఒక మాట, మనం బిర్యానీ ఆకు అనేది ఇది కాదు, దానికి పొడుగునా మూడు ఈనెలుంటాయి, బే ఆకుకి మధ్యలో ఒకటే ఈనె. కాల్చేటట్టయితే కిటికీ తీసి, సింకు దగ్గర, ఆరిపోయేదాకా అక్కడే నిలబడి కాల్చండి. దాల్చినచెక్క పొడి ఊదే వీడియో మాత్రం నేను చెయ్యను, కళ్ళల్లో ఊపిరితిత్తుల్లో పడితే మంట, ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళుంటే అసలొద్దు. చెక్క ముక్కా నారింజ తొక్కా లవంగాలూ నీళ్ళలో వేసి సన్న సెగ మీద పెట్టండి, ఇల్లంతా వాసన, ఎవరికీ దగ్గు రాదు, నీళ్ళు ఇంకిపోకుండా చూసుకుంటే చాలు.

గోధుమ బొమ్మ కూడా చాలామంది చేస్తారు, కార్న్ డాలీ అంటారు. చేలో చివరి పనలో పంట ఆత్మ దాక్కుంటుందని, దాంతో బొమ్మ అల్లి చలికాలమంతా ఇంట్లో పెట్టుకుని, వసంతంలో మొదటి చాలులో దున్నేసేవాళ్ళని కథ. ఆ ఆత్మ సిద్ధాంతం చాలావరకు 19వ శతాబ్దపు పండితులు, జర్మనీలో మన్‌హార్ట్, తర్వాత బ్రిటన్‌లో ఫ్రేజర్, అల్లుకున్నదే, తర్వాతి చరిత్రకారులు దాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. కానీ చివరి పిడికెడు కంకుల్ని పట్టుకుని సంబరం చెయ్యడం మాత్రం నిజమే. కార్న్‌వాల్‌లో అయితే కోసినవాడు దాన్ని పైకెత్తి "దొరికింది!" అని అరుస్తాడు, మిగతావాళ్ళు "ఏం దొరికింది?" అంటారు, "నెక్!" అని వాడు, నెక్ అంటే ఆ చివరి పిడికెడు కంకులే. మూడేసి సార్లు అరుపులు. ఆగిపోతున్న ఈ ఆచారాన్ని 1920ల చివర్లో అక్కడి సాంస్కృతిక సంఘాలు మళ్ళీ పట్టాలెక్కించాయి. నాకు చేను లేదు కాబట్టి పిండి డబ్బాలో చివరి చెంచా తీసినప్పుడు నేనే అరుస్తా, ఇంట్లోవాళ్ళు అలవాటు పడ్డారు.

ఇక ఈ కాలంలో అందరూ మర్చిపోయేది పరిగె. కోత అయ్యాక చేలో రాలిన కంకులు పేద ఆడవాళ్ళూ పిల్లలూ ఏరుకునేవాళ్ళు, ఇంగ్లండ్ ఊళ్ళలో అయితే పొద్దున చర్చి గంట కొట్టాకే మొదలుపెట్టాలి, ముందే దూరి ఎవరూ అంతా ఊడ్చెయ్యకుండా. ఒక్కో కుటుంబానికి నెలలకి సరిపడా పిండి దాంట్లోంచే వచ్చేది. 1788లో అక్కడి కోర్టు పరిగె ఏరుకోవడం పేదవాళ్ళ హక్కేమీ కాదని తీర్పిచ్చింది, అయినా చాలా ఊళ్ళలో అది ఆగలేదు, గంట కొడుతూనే ఉన్నారు. సమృద్ధి మంత్రాల్లో పరిగె ఊసే లేకపోతే అవి నాకు సగం మంత్రాల్లా అనిపిస్తాయి. కాబట్టి డబ్బాలు దించినప్పుడు రెండేసి ఉన్నవి పక్కన పెట్టి ఇచ్చేస్తా, డేటు అయిపోయినవి కాదు, బాగున్నవి, నేనే తినాలనుకునేవి. రొట్టె కూడా ఎప్పుడూ రెండు చేస్తా, ఒకటి గడప దాటాల్సిందే.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైపు ఉన్నవాళ్ళు ఇదంతా ఫిబ్రవరి 1కి పెట్టుకోండి, మేబన్ మార్చిలో వస్తుంది. ఆగస్టు అక్కడ చలికాలం, మీరు ఇటువైపు వీడియోలు చూసి లామస్ చేస్తే బయట కోతకొచ్చిన గోధుమ గింజ ఒక్కటీ ఉండదు. పిండి మాత్రం ఆ చలికి నెమ్మదిగా పొంగుతుంది, రెండు గంటలైనా ఆగండి.