25 లక్షలు అంటే ఎవరి చేతికి 25 లక్షలు?

పోయిన వారం మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెద్ద గొడవే అయింది. ఒక బావ "ఆరోగ్యశ్రీ ఎత్తేశారు, 25 లక్షల్ని రెండున్నర లక్షలు చేసేశారు" అని ఒక పోస్టర్ పెట్టాడు, పది నిమిషాలు కూడా కాకముందే మా పెద్దన్నయ్య "ప్రతి కుటుంబానికీ 25 లక్షల ఉచిత వైద్యం, దేశంలో ఎక్కడా లేదు" అని ఇంకో పోస్టర్ పెట్టాడు, ఇక అక్కడ మొదలైంది రాత్రి పదకొండు దాకా ఆగలేదు. మా పిన్ని మాత్రం ఒక్క మెసేజ్ కూడా పెట్టలేదు. ఆ గ్రూపులో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ చేయించుకున్న ఇల్లు వాళ్లదొక్కటే.

రెండు పోస్టర్లూ తప్పుదోవ పట్టించేవే. ఎందుకో రాస్తాను.

ముందు బావ పెట్టింది. 2025 సెప్టెంబరులో ఏపీ క్యాబినెట్ ఆమోదించింది హైబ్రిడ్ పద్ధతి. అంటే ఏడాదికి కుటుంబానికి మొదటి రెండున్నర లక్షల దాకా అయ్యే ఖర్చు ఇన్సూరెన్స్ కంపెనీ చూసుకుంటుంది, అది దాటితే 25 లక్షల దాకా ఎప్పటిలాగే ఈ పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు చూసుకుంటుంది. కట్టేవాళ్లు మారుతున్నారు, పరిమితి మారట్లేదు. ఇన్సూరెన్స్ కంపెనీని మధ్యలోకి తేవడం మంచిదా చెడ్డదా అని గట్టిగా వాదించుకోవచ్చు, నాకూ భయాలు ఉన్నాయి, అప్రూవల్ ఇచ్చేచోట కొర్రీలు పెరుగుతాయేమో అని. కానీ "పేదల పథకాన్ని మొదటిసారి ప్రైవేటుకి అప్పగించారు" అనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి, 2007లో శ్రీకాకుళం, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో ఈ పథకం మొదలైందే ఇన్సూరెన్స్ పద్ధతిలో, స్టార్ హెల్త్ కంపెనీతో. ట్రస్టు నేరుగా కట్టడం తర్వాత వచ్చింది.

ఇక అన్నయ్య పెట్టింది. అసలు చిక్కంతా ఈ 25 లక్షల దగ్గరే ఉంది.

25 లక్షలు అనేది పరిమితి. ఇంతకు మించి ఇవ్వం అని గీసిన గీత. ఇంత ఇస్తాం అని కాదు. ఆస్పత్రికి అందే డబ్బు ఆ జబ్బుకి కట్టిన ప్యాకేజీ రేటు మాత్రమే, అది ముందే ఫిక్స్ అయి ఉంటుంది. మా బాబాయ్‌కి స్టెంటు వేశారు, దాని ప్యాకేజీ 25 లక్షల దరిదాపుల్లో కూడా ఉండదు. పరిమితి 5 లక్షలు ఉన్నప్పుడు వేసినా అదే స్టెంటు, 2023 డిసెంబరులో 25 లక్షలు చేశాక వేసినా అదే స్టెంటు. పరిమితి పెంచడం వల్ల నిజంగా బతికేది లివర్ మార్పిడి, బోన్ మ్యారో మార్పిడి లాంటివి కావాల్సిన వాళ్లు, అది చిన్న విషయం అని నేను ఎప్పుడూ అనను, ఆ ఇంట్లో వాళ్లకి అదే ప్రాణం. కానీ స్టెంటు, గర్భసంచి ఆపరేషన్, విరిగిన ఎముకలకి రాడ్డు, వీటి కోసం వచ్చేవాళ్లకి ఆ అంకె మారడం వల్ల మారేదేమీ లేదు.

తెలంగాణలో కూడా అంతే జరిగింది. 2023 డిసెంబరు 7న కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసింది, 9న పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలు అయింది. ప్యాకేజీ రేట్లు పెంచింది మాత్రం 2024లో. రేటు గిట్టుబాటు కాకపోతే ఆస్పత్రి కేసు తీసుకోదు, లేదా తీసుకుని "ఇది స్కీములో రాదు" అంటూ పక్క దారిలో వసూలు చేస్తుంది, కాబట్టి రోగికి ఎక్కువ పనికొచ్చింది ఆ రెండోదే. దాని మీద ఒక్క ఫ్లెక్సీ కూడా నేను చూడలేదు.

ఇంకోటి, "3,257 జబ్బులకి ఉచిత వైద్యం" అంటారు. 1,059 నుంచి 3,257కి పెంచాం అని స్టేజీల మీద చాలాసార్లు విన్నాం. అవి జబ్బులు కాదండీ, ప్రొసీజర్లు. ఒక్క క్యాన్సర్‌నే తీసుకోండి, ఆపరేషన్ ఒక లైను, రేడియేషన్ ఒక లైను, కీమోలో ఏ మందు ఏ మందుతో కలిపి ఇస్తారో దాన్నిబట్టి మళ్లీ వేరే వేరే లైన్లు. లిస్టు పెరగడం మంచిదే, లైను లేకపోతే అప్రూవల్ రాదు. కానీ దాన్ని జబ్బుల లెక్కగా చెప్తే వినేవాడికి ఇక అన్నీ వచ్చేసినట్టే అనిపిస్తుంది, షుగరుకీ బీపీకీ నెలనెలా కొనుక్కునే మందుల ఖర్చు ఇందులో లేదని ఎవరూ చెప్పరు.

మా పిన్ని దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. మా చెల్లి ఇంటర్ ఫిజిక్స్ నోట్స్, వెనక మిగిలిన పేజీల్లో బాబాయ్ గుండె లెక్క రాసుకుంది. మొదటి లైను "ఆపరేషన్ - 0". అది నిజం, రూపాయి తీసుకోలేదు, ఆస్పత్రిలో ఈ పథకం రోగులకి సాయం చేసే ఆరోగ్యమిత్ర కౌంటర్లో అమ్మాయి కాగితాలన్నీ తనే దగ్గరుండి చూసింది, ఆ అమ్మాయికి పిన్ని ఇప్పటికీ దణ్ణం పెడుతుంది. కానీ ఆ సున్నాకి పైన, పేజీ అంచులో ఇరికించి ఇంకో లెక్క ఉంది. మొదట వెళ్లిన ఆస్పత్రిలో "పాత బిల్లులు రాలేదు, కొత్త కేసులు తీసుకోవట్లేదు" అన్నారు, నొప్పితో ఉన్న మనిషిని వెనక్కి తిప్పుకెళ్లలేక డబ్బు కట్టి రెండు రోజులు ఉంచారు, యాంజియో కూడా అక్కడే చేయించారు. 31,500. ఆ తర్వాత వేరే ఊళ్లో ఆస్పత్రి ఒప్పుకుంది. సున్నాకి కింద ఆటో, బస్సు, పిన్ని భోజనం, మూడు నెలలు మిషను కుట్టకపోవడం వల్ల పోయిన డబ్బు, ఇక అక్కడి నుంచి ప్రతి నెలా ఒకటే మాట, "మందులు 2,180", "మందులు 2,180", "మందులు 2,260". ఆ పేజీ చూశాక నాకు పోస్టర్ల మీద కోపం రాకుండా ఎలా ఉంటుంది.

బకాయిల సంగతి కూడా చెప్పాలి. ఏపీలో నెట్‌వర్క్ ఆస్పత్రులు, అంటే ఈ పథకంలో చేరిన ప్రైవేటు ఆస్పత్రులు, బకాయిల కోసం సేవలు ఆపింది 2024 మేలో ఒక ప్రభుత్వం ఉన్నప్పుడు, మళ్లీ 2025 ఏప్రిల్‌లో, అక్టోబరులో ఇంకో ప్రభుత్వం ఉన్నప్పుడు. తెలంగాణలో 2025 జనవరిలో, సెప్టెంబరులో ఆపాయి. కాబట్టి "వాళ్ల హయాంలో బంగారంలా నడిచింది" అని ఎవరన్నా నేను నమ్మను. ఆ రోజుల్లో ఆస్పత్రుల సంఘం ఒక అంకె చెప్తుంది, మంత్రిగారు అందులో సగం కూడా లేని అంకె చెప్తారు, టీవీలో ఇద్దర్నీ కూర్చోబెట్టి అరిపిస్తారు. అడగాల్సింది ఒక్కటే, మీరు చెప్పేది ఆస్పత్రి పంపిన బిల్లులా, పరిశీలన అయి ఓకే అయిన బిల్లులా, ఓకే అయ్యి డబ్బు పడని బిల్లులా? ఈ మూడూ వేరు వేరు. "ఇన్ని వేల కోట్లు ఇచ్చాం" అన్నప్పుడు కూడా బడ్జెట్‌లో రాసిందా, విడుదల చేసిందా అని అడగాలి, ఆ యాంకర్లు ఎందుకు అడగరో నాకు అర్థం కాదు.

విమర్శించేవాళ్లని కూడా ఇలాగే నిలదీయాలి. 2023 ఆగస్టులో ప్రభుత్వ ఖర్చుల్ని ఆడిట్ చేసే కాగ్ రిపోర్టు వచ్చింది కదా, కేంద్రం నడిపే ఇలాంటి పథకమే అయిన ఆయుష్మాన్ భారత్‌లో దాదాపు 7.5 లక్షల మందికి 9999999999 అనే ఒకే ఫోన్ నంబర్ ఉందని. రిజిస్ట్రేషన్ అంత నిర్లక్ష్యంగా చేశారంటే సిగ్గుపడాల్సిందే. కానీ అది తిరిగి తిరిగి మా గ్రూపుకి వచ్చేసరికి "7.5 లక్షల దొంగ ఆపరేషన్లు" అయింది. కాగ్ అలా అనలేదు. ఫోన్ నంబర్ తప్పు పడటం వేరు, లేని మనిషి పేరున బిల్లు పెట్టడం వేరు. అదే రిపోర్టులో చనిపోయారని నమోదైన వాళ్లకి తర్వాత కూడా వైద్యం చేసినట్టు క్లెయిములు ఉన్నాయని రాశారు, నిజంగా గట్టిగా పట్టుకోవాల్సింది దాన్ని, ఫోన్ నంబర్ గోలలో అది మునిగిపోయింది.

నిన్న గ్రూపులో ఇదంతా చెప్పి, పిన్నిని అడిగి ఆ నోట్‌బుక్ పేజీ ఫోటో పెట్టాను. బావ ఏమీ అనలేదు. పెద్దన్నయ్య మాత్రం పిన్నికి ఫోన్ చేసి ఆ మందుల చీటీ పంపమన్నాడట, జనరిక్ షాపులో ఎంతకి వస్తాయో కనుక్కుంటానని. చీటీలో ఐదు మందులున్నాయి, మూడు దొరికాయి, మిగతా రెండిటి కోసం డాక్టర్ని అడగాలి.