లక్షద్వీప్ లో అగత్తి దీవికి పోయొచ్చాం, పర్మిట్ దగ్గర్నుంచి అన్నీ రాస్తున్నా (నా అనుభవం)

మాది ఉలవపాడు దగ్గర పల్లె, పదకొండేళ్ళుగా రొయ్యల గుంటలు చేస్తా ఉన్నాం. ఈ పనిలో ఉండేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, రాత్రి నిద్ర అనేదే ఉండదు. కరెంటు పోయి ఏరేటర్లు (గుంట నీళ్ళల్లో గాలి కలిపే మోటార్లు) ఆగినాయంటే వెంటనే జనరేటర్ వెయ్యాల, లేకపోతే తెల్లారేసరికి పంటే ఉండదు, అందుకని రాత్రి రెండు గంటలకి మెలకువ రావడం ఒంటికే అలవాటైపోయింది. 2023 డిసెంబర్లో రొయ్యల పట్టుబడి అయ్యాక, చలికాలంలో రొయ్యలకొచ్చే తెల్లమచ్చ రోగం భయానికి గుంటలు ఎండగట్టేశాం. అప్పుడు మా ఆమె అనింది, ఈ రెండు నెలలన్నా యాడికైనా పోదాం, మోటారు శబ్దం వినపడని చోటికి అని.

అండమాన్ అనుకున్నాం కానీ మా చుట్టాల్లో సగం మంది చూసొచ్చేశారు, అదీగాక శబరి రైలు ఎక్కితే నేరుగా ఎర్నాకులం, అక్కడ్నుంచి లక్షద్వీప్ కి చిన్న విమానం ఉంది. సరే అనుకున్నాక తెలిసింది, అక్కడికి మన దేశం వాళ్ళు కూడా ఊరికే పోలేరంట. 1967 నాటి రూల్స్ ఉన్నాయి, ఎంట్రీ పర్మిట్ ఉండాల్సిందే. మొత్తం 36 దీవులు, వాటిల్లో జనం ఉండేవి పదే, ఏ దీవికి పోతామో అది కూడా అప్లికేషన్ లో రాయాల. అక్కడి వాళ్ళల్లో దాదాపు అందరూ ఎస్టీలే, చిన్న చిన్న దీవులు, నీళ్ళు తక్కువ, అందరూ ఒక్కసారిగా వచ్చి పడితే వాళ్ళు తట్టుకోలేరు. నాకైతే ఆ రూల్ న్యాయంగానే అనిపించింది.

మేం హోమ్‌స్టే వాళ్ళ ద్వారా అప్లై చేశాం, వాళ్ళు ఫోటోలు, ఆధార్, పోలీస్ క్లియరెన్స్ (మన మీద కేసుల్లేవని పోలీసులిచ్చే కాగితం) అడిగారు. ఇక్కడే నెల పోయింది. మా ఆధార్ లో జిల్లా ప్రకాశం అని ఉంది, 2022 ఏప్రిల్లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరు వైపంతా నెల్లూరులో కలిపారు కదా, మేం ఆధార్ మార్పించుకోలేదు. మొదట పోయిన ఆఫీసులో మీ స్టేషన్ ఇప్పుడు మా కింద లేదన్నారు, రెండో ఆఫీసులో మీ ఆధార్ మా జిల్లాది కాదన్నారు. నాలుగుసార్లు బండి మీద తిరిగి తిరిగి విసుగొచ్చి ఈ ట్రిప్పే వద్దులే అనుకునే టైంలో ఒక కానిస్టేబుల్ చెప్పాడు, "అన్నా, కొత్త కరెంటు బిల్లు తెచ్చి ఆధార్ తో కలిపి పెట్టు, పాత జిల్లా కొత్త జిల్లా రెండూ ఈ ఊరికే అని ఒక లెటర్ రాసియ్యి, ఎంక్వైరీకి నేనే వస్తా" అని. వచ్చాడు కూడా, పక్కింటి వాళ్ళని ఇద్దర్ని అడిగాడు, వారంలో కాగితం చేతికొచ్చింది. ఆ అబ్బాయికి ఎంత చెప్పినా తక్కువే. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, పర్మిట్ చేతికి రాకముందు విమానం టిక్కెట్లు తియ్యబాకండి.

ఫిబ్రవరిలో పోయాం. కొచ్చి నుంచి దాదాపు 460 కిలోమీటర్లు, గంటన్నర పడుతుంది. దిగేటప్పుడు కిటికీలోంచి చూస్తే రన్‌వేకి అటూ ఇటూ సముద్రమే, మా ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకునింది. దిగాక పర్మిట్ పోలీసులకి చూపించాం, అంతే, ఇంక ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ నీళ్ళ గురించి చెప్పాల. మా కరేడు బీచ్ లో చిన్నప్పట్నుంచి మునిగినోణ్ణి, మన సముద్రం అంటే అలలు కొట్టి కాళ్ళకింద ఇసుక లాగేస్తుంది. ఇక్కడ పడమటి వైపు దూరంగా పగడపు దిబ్బ గోడ మాదిరి ఉంటుంది, అలలన్నీ దాని మీదే విరిగిపోతాయి, లోపల నీళ్ళు చెరువు కన్నా నిదానం. అడుగున తెల్ల ఇసుక, ఒక్కొక్క గులక కనపడతా ఉంది. గుంటలో నీళ్ళు ఇంత తేటగా కనపడితే ప్లాంక్టన్ (నీళ్ళకి రంగిచ్చే కంటికి కనపడని సన్న నాచు) చచ్చిపోయిందని గుండె ఆగిపోతుంది మనకి, అలవాటు కొద్దీ మొదటి రోజంతా ఒడ్డున నిలబడి నీళ్ళ రంగే చూస్తా ఉండిపోయాను. పడవలో పోతే తాబేళ్ళు అడుగున గడ్డి మేస్తా కనపడ్డాయి, ఎవరూ మేత వెయ్యాల్సిన పన్లేదు, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తాల్సిన పన్లేదు.

రోజూ ట్యూనా కూర, కొబ్బరి, అన్నం. అక్కడివాళ్ళు ట్యూనాని గేలాలతో ఒక్కొక్కటీ పడతారు, బతికున్న చిన్న చేపల్ని ఎరగా నీళ్ళలోకి చల్లి. హోమ్‌స్టే ముసలాయన మలయాళంలో ఏదో చెప్తాడు, నేను తెలుగులో, ఇద్దరికీ చేపల సంగతి బాగానే అర్థమయ్యేది. మందు దొరకదు, బంగారం దీవిలో తప్ప, అది కావాలనుకునేవాళ్ళు ముందే తెలుసుకోండి. పొద్దు మన దగ్గరికన్నా అరగంట ఆలస్యంగా గుంకుతుంది, ఆ అరగంట మేం రోజూ ఒడ్డునే కూర్చునేవాళ్ళం, మాట్లాడింది కూడా తక్కువే.

మొదటి మూడు రాత్రులు రెండింటికి లేచాను. లేచి చెవులు రిక్కిస్తే దూరంగా దిబ్బ మీద అలల శబ్దం, అంతే. నాలుగో రాత్రి మెలకువ రాలేదు. కళ్ళు తెరిచేసరికి ఏడున్నర, మా ఆమె పక్కన కూర్చుని టీ చల్లారిపోయినా లేపకుండా నన్నే చూస్తా ఉంది.