రెండో పిస్టన్

పదకొండు దాటింది. అందరూ పడుకున్నారు. నాకు మాత్రం ఆ మాట బుర్రలోంచి పోవడం లేదు.

"ఇది పార్టు కాదంకుల్, జత."

నేను ఇంట్లో మోడల్ విమానాల రకం బుల్లి డీజిల్ ఇంజిన్ ఒకటి చేస్తున్నాను. బాలానగర్‌లో మెషిన్ పనులు చేసిపెట్టే షాపు వాళ్లబ్బాయి సాయంత్రం వచ్చాడు. దాని క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ కదలికని తిరుగుడుగా మార్చే ఇరుసు) గ్రైండింగ్ అయిపోయిందని ఇచ్చిపోవడానికి. వాళ్ల నాన్నయితే గేటు దగ్గరే ఇచ్చి వెళ్లేవాడు. ఇతను "లేత్ చూస్తానంకుల్" అంటూ, నేను లోహం తిప్పి కోసుకునే ఆ మెషిన్ ఉన్న పైగదికి ఎక్కాడు. నాకూ సంతోషమే వేసింది. మధ్యాహ్నమే పిస్టన్ కుదిరింది మరి, ఎవరికైనా చూపించాలని ఉంది. ఇంట్లోవాళ్లకి చూపిస్తే "బాగుంది" అంటారు. ఈ పని తెలిసినవాడు చేతిలోకి తీసుకుంటే ఆ తృప్తి వేరు.

కుదరడం అంటే ఇదీ: నూనె తుడిచేసి, కింది వైపు నుంచి పిస్టన్‌ని లైనర్‌లోకి, అంటే అది ఆడే ఉక్కు గొట్టంలోకి, తోస్తే ముప్పావు దాకా హాయిగా పోయింది. అక్కణ్ణుంచి బిగుసుకుంటూ వెళ్లి, పైన బొటనవేలికి ఎదురు తిరిగింది. బోరు (గొట్టం లోపలి వ్యాసం) 15 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 14, అంటే రెండున్నర సీసీకి రవ్వంత తక్కువ. ఇంత చిన్న డీజిల్‌కి పిస్టన్ చుట్టూ సందు మూసే రింగులుండవు, స్పార్క్ ప్లగ్గూ ఉండదు, గాలిని నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి. పోత ఇనుము పిస్టన్‌కీ ఉక్కు గోడకీ మధ్య కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సందు, అందులో ఓ నూనె పొర, అంతే. సందు ఎక్కువైతే గాలి జారిపోతుంది, ఇంధనంలోని ఈథర్ అంటుకునేంత వేడి పుట్టదు, ఇక స్టార్ట్ చేయడానికి ప్రొపెల్లర్ ఎంతసేపు తిప్పినా వేలి నొప్పే మిగులుతుంది.

అబ్బాయి పిస్టన్‌ని తోశాడు, తీశాడు, లైట్‌కి ఎదురుగా పెట్టి చూశాడు. "బాగా వచ్చిందంకుల్" అన్నాడు. నేనింకా మురిసిపోతుండగానే, "ఇంకో పిస్టన్ చేస్తే ఇందులో పడుతుందా?" అని అడిగాడు.

ఇంకోటెందుకన్నాను.

అప్పుడన్నాడు ఆ మాట. కాఫీ తాగి, గ్లాసు కిటికీలో పెట్టి, బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు.

పొగరుగా అనలేదు. అదే మరీ బాధ. పొగరుగా అనుంటే కుర్రతనం అని వదిలేసేవాణ్ణి. అతని షాపులో కంప్యూటరు నడిపే సీఎన్‌సీ మెషిన్ రోజంతా ఒకటే పార్టు కోస్తుంది, పొద్దున తీసిందీ రాత్రి తీసిందీ పెట్టెలో కలిసిపోతాయి, ఏది ఏదో ఎవరూ అడగరు. అలాంటి చోట పెరిగిన పిల్లవాడికి, ఒకే ఒక్క లైనర్‌లో పట్టే ఒకే ఒక్క పిస్టన్ సగం పనిలా కనబడింది. నేనేమో దాన్నే పూర్తయిన పని అనుకుంటున్నాను.

భోజనాల దగ్గర లోపల లోపలే వాదించుకుంటూ కూర్చున్నాను. ల్యాపింగ్ అంటే ఏమిటో అతనికి తెలుసా? లైనర్‌లో పట్టే ఇత్తడి కడ్డీకి (అదే ల్యాప్) సన్నగా అరగదీసే పేస్టు పట్టించి, నూనె వేసి, లేత్ నిదానంగా తిరుగుతుంటే లైనర్‌ని ముందుకీ వెనక్కీ ఆడిస్తూ ఉండాలి. ఒక్క చోట ఆగితే అక్కడ గుంట పడుతుంది. ప్రతిసారీ కడగాలి, తుడవాలి, పిస్టన్ తోసి చూడాలి. చూసేముందు ఆగాలి కూడా. పది డిగ్రీలు వేడెక్కితే 15 మిల్లీమీటర్ల ఉక్కు దాదాపు 2 మైక్రాన్లు ఉబ్బుతుంది. చేతివేడి చాలు దానికి. అందుకే రెండిటినీ షాబాదు బండ మీద పక్కపక్కన పెట్టి చల్లారేదాకా కూర్చుంటాను. ఇంత చేస్తే వచ్చిన బిగువు అది. దాన్ని పట్టుకుని పార్టు కాదంటాడా!

ఆవిడ పెరుగు వడ్డిస్తూ "ఆ అబ్బాయి ఏమన్నాడేమిటి?" అంది. ఏమీ లేదన్నాను. "ఏదో నిజమే అనుంటాడు, లేకపోతే మీరు ఇంతసేపు ఉడికిపోరు" అంది. ఈ మనిషికి లేత్ గురించి ఏమీ తెలియదు.

పడుకుందామని లైటు తీశాక ఎన్‌సీసీ రోజులు గుర్తొచ్చాయి. ఎయిర్ వింగ్ గురించి ఇదివరకు చాలాసార్లు రాశాను, అయినా మళ్లీ రాస్తాను, ఎందుకంటే ఈ సంగతి ఎప్పుడూ రాయలేదు.

మా ఏరోమోడలింగ్ ఇన్‌స్ట్రక్టర్ గారి దగ్గర రెండు ఇంజిన్లుండేవి. ఒకే కంపెనీ, ఒకే మోడల్, రెండూ రెండున్నర సీసీ డీజిళ్లు. ఆదివారం పొద్దున మైదానంలో బాల్సా చెక్క విమానాన్ని రెండు తీగలకి కట్టి గుండ్రంగా తిప్పేవాళ్లం. ఈథర్, కిరోసిన్, ఆముదం దాదాపు సమపాళ్లలో కలిపిన ఇంధనం. ఈథర్ బుడ్డి మూత తీస్తే ఆసుపత్రి వాసన. ఇంజిన్ అంటుకున్నాక మాత్రం ఆ పొగలో కాలిన ఆముదం వాసనే ముందుకొచ్చేది. కాలని ఆముదం సైలెన్సర్ లేని ఆ కంతలోంచి చిమ్మి ఖాకీ చొక్కా నిండా పడేది. అమ్మ కుంకుడు రసంలో నానబెట్టి చూసింది, సోడా వేసి చూసింది. చివరికి ఆ చొక్కాని విడిగా ఉతకడం మొదలుపెట్టింది. నాకు ఆ వాసన పోకపోవడమే ఇష్టంగా ఉండేది, బడిలో కూడా చేతిమడత ముక్కు దగ్గర పెట్టుకునేవాణ్ణి.

ఆముదం ఎందుకని అడిగితే ఆయన మొదటి ప్రపంచ యుద్ధం దాకా వెళ్లిపోయేవారు. ఫ్రాన్స్‌లో సెగ్విన్ సోదరుల నోమ్ ఇంజిన్ గురించి మొదట విన్నది ఆ మైదానంలోనే. 1909 నాటి ఇంజిన్, ఏడు సిలిండర్లు, 50 హార్స్ పవర్. అందులో క్రాంక్‌షాఫ్ట్ విమానానికి బిగించి కదలకుండా ఉంటే, సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో పాటు గిర్రున తిరిగేవి. పెట్రోలు క్రాంక్‌షాఫ్ట్ ఉండే పెట్టె (క్రాంక్‌కేసు) గుండా పోయేది కాబట్టి పెట్రోలులో తేలిగ్గా కరిగిపోయే నూనె పనికిరాదు. ఆముదం కరగదు. వాడిన నూనె తిరిగి ట్యాంకులోకి రాదు, మొత్తం బయటికే. పైలట్లు దాన్ని పీల్చీ మింగీ కడుపు పాడై దిగేవారని చెబితే మేం పడీ పడీ నవ్వేవాళ్లం. ఆ సిలిండర్ గోడ మందం ఒకటిన్నర మిల్లీమీటర్లేనని చాలా ఏళ్ల తర్వాత చదివి నవ్వు మర్చిపోయాను. 1909లో, ఉక్కులోంచి కోసి, చల్లబరిచే రెక్కలతో సహా, ఒకటిన్నర మిల్లీమీటర్లు! గాలి ఒక పక్కే తగలడంతో అంత పలచటి గోడ తిరిగేటప్పుడు గుండ్రంగా నిలవదు. అందుకే పిస్టన్‌కి మామూలు రింగు చాలక, గోడ ఎటు వంగితే అటు ఒదిగే పలచటి కంచు రింగు పెట్టారు. చేసిన మనుషుల చేతులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అసలు సంగతికొస్తాను. ఒక ఆదివారం రెండు ఇంజిన్లనీ ఒకేసారి విప్పి, న్యూస్‌పేపర్ మీద పరిచి కడిగారు. ఎవరు కలిపారో తెలియదు, బిగించేసరికి దీని పిస్టన్ దాంట్లోకి, దానిది దీంట్లోకి వెళ్లింది. ఒకటి అసలు తిరగలేదు. రెండోది వదులుగా తిరిగింది, కంప్రెషన్ లేదు. చూడ్డానికి అచ్చం ఒకటే. మైదానం చుట్టూ అంతా ఎదురుచూస్తున్నారు. ఆయన రుమాలు పరిచి, మళ్లీ విప్పి, ఒక్కో పిస్టన్‌నీ ఒక్కో లైనర్‌లో వేసి బొటనవేలితో తోసి చూశారు. ఏది దేనిదో తేల్చారు. మాకు ఇంద్రజాలంలా ఉంది. ఆ బొటనవేలే నా జీవితంలో పడిన మొదటి కొలత అనుకుంటాను. ఈ గది, ఈ లేత్, అన్నీ ఆ రోజు నుంచే.

ఇది రాస్తుంటేనే తడుతోంది. ఇన్నేళ్లుగా ఆయన వేలిని తలుచుకుంటూ వచ్చాను కానీ, ఆ ఇంజిన్లు ఎందుకు ఆగిపోయాయో ఎప్పుడూ ఆలోచించలేదు. ఫ్యాక్టరీలో చేసినవే అవి. అయినా అవి పార్టులు కావు, జతలు. అబ్బాయి అన్నది అదే.

మెర్లిన్ సంగతి కూడా అతని పక్షమే. రోల్స్ రాయిస్ మెర్లిన్ అంటే నాకెంత పిచ్చో మీకు తెలుసు. వి ఆకారంలో పన్నెండు సిలిండర్లు, 27 లీటర్లు, స్పిట్‌ఫైర్, హరికేన్, లాంకాస్టర్ యుద్ధవిమానాల్లో అదే. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఇంజిన్ చేసే పని మాంచెస్టర్ దగ్గర ట్రాఫర్డ్ పార్క్‌లో ఫోర్డ్ వాళ్లకి కూడా అప్పగించారు. డ్రాయింగులు చూసిన ఫోర్డ్ ఇంజినీరు, వీటితో మేం చేయలేమన్నాడు. కొలతలు మీకు అందనంత సన్నంగా ఉన్నాయా అని రోల్స్ రాయిస్ తరఫున స్టాన్లీ హుకర్ అడిగారు. కాదు, మరీ వదులుగా ఉన్నాయన్నాడతను. కార్ల ఇంజిన్లలో ఏ పార్టు తీసి ఎందులో పెట్టినా పట్టాలి, దానికి ఇంతకన్నా బిగువైన కొలతలు కావాలన్నాడు. ఈ సంభాషణని తర్వాత హుకరే చెప్పుకున్నారు. డెర్బీలోని రోల్స్ రాయిస్ ఫ్యాక్టరీలో ఆ వదులుని తమ చేత్తో సర్దే ఫిట్టర్లున్నారు. ట్రాఫర్డ్ పార్క్‌లో లేరు. ఫోర్డ్ వాళ్లు డ్రాయింగులు మళ్లీ గీసుకున్నారు. అంతకుముందు ఇంజిన్ ముట్టుకోని వేలమంది, వాళ్లలో వేలమంది ఆడవాళ్లు, అక్కడ 30 వేలకు పైగా మెర్లిన్లు తయారుచేశారు. నేపియర్ కంపెనీ సేబర్ అనే విమానం ఇంజిన్ కథా ఇంతే. 24 సిలిండర్లు, ఒక్కోదానికి గోడలో జారే స్లీవ్ అనే గొట్టం. ఆ స్లీవ్‌లు గుండ్రం తప్పి ఇంజిన్లు పాడవుతుంటే, స్లీవ్‌లు ఒకేలా తీయడం నేర్చుకున్న బ్రిస్టల్ కంపెనీ వాళ్ల పద్ధతే దాన్ని నిలబెట్టింది. గుండె దడదడలాడించే ఇంజిన్లన్నీ ఆ లెక్కన "పార్టు" వైపు వాళ్లవే.

అయితే కాసేపు ఆగండి. ఆ ఫోర్డ్ వాళ్ల బిగువైన కొలతలు దేంతో కొలిచారు? గేజి బ్లాకులతో (కచ్చితమైన కొలతకి చేసిన ఉక్కు ముక్కలు) సరిచూసిన గేజిలతో. ఆ బ్లాకులు ఎవరివి? స్వీడన్‌లో కార్ల్ ఎడ్వర్డ్ యొహాన్సన్‌వి. ఎస్కిల్‌స్టూనా తుపాకుల ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి, 1896లో ఆలోచన తట్టింది. పగలు ఫ్యాక్టరీ, సాయంత్రాలు ఇంట్లో భార్య కుట్టుమిషన్‌ని గ్రైండింగ్, ల్యాపింగ్ మెషిన్‌గా మార్చుకుని ఆ ఉక్కు ముక్కల్ని నున్నగా చేశాడు. రెండు ముక్కల్ని చేర్చి తిప్పితే అంటుకుపోతాయి, మధ్య సందు అంత తక్కువ. తర్వాత ఆయన అమెరికా వెళ్లి ఫోర్డ్ దగ్గరే పనిచేశాడు. అంటే ప్రపంచంలో ఏ పార్టు ఏ ఇంజిన్‌లోనైనా పడుతోందంటే, మొదట్లో ఒకతను ఇంట్లో కూర్చుని పేస్టూ నూనే వేసి ల్యాప్ చేసినందుకే. ఈ మాట సాయంత్రం తట్టి ఉంటే అబ్బాయికి ఇంకో కాఫీ ఇచ్చి కూర్చోబెట్టేవాణ్ణి.

ఇద్దరిలో ఎవరిది ఒప్పో తేల్చడం నావల్ల కాదు. ఇంగ్లండ్‌లో మెర్లిన్‌ని పావు సైజులో ఇంట్లో చేసి నడిపించినవాళ్లున్నారు. 27 లీటర్లని పావు కొలతకి తగ్గిస్తే 420 సీసీ చిల్లర, 137 మిల్లీమీటర్ల బోరు 34కి దిగుతుంది. కానీ నూనె పొర పావు అవదు, పెట్రోలు తుంపర పావు అవదు, ఉక్కు వేడికి ఉబ్బే తీరు మారదు. డ్రాయింగులో అన్నిటినీ నాలుగుతో భాగించేయొచ్చు, సందుని మాత్రం భాగించలేం, దాన్ని కొత్తగా వెతుక్కోవాలి. పన్నెండు సిలిండర్లు చేసేవాడు పన్నెండు సార్లు వెతుక్కుంటాడా, ఒకసారి వెతికి అంకె వేసుకుంటాడా? నాకు ఒక్క సిలిండరే కాబట్టి ఇన్నాళ్లూ ఈ ప్రశ్న రాలేదు.

క్రాంక్‌షాఫ్ట్ గురించి ఒక్క ముక్క కూడా రాయలేదని ఇప్పుడే చూసుకున్నాను. చాలా బాగా గ్రైండ్ చేశారు. బేరింగ్‌లో వేసి వేలితో తిప్పి వదిలితే చాలాసేపు తిరిగింది. అబ్బాయే చేశాడట.

పోత ఇనుము బార్ ఇంకా అరచేతి పొడవు మిగిలి ఉంది. రేపు దాన్ని లేత్ చక్‌లో (బిగించి పట్టుకునే భాగం) పెట్టి రెండో పిస్టన్ తీస్తాను, ఇదే లైనర్‌కి, మొదటిదాన్ని చూడకుండా. నా డ్రాయింగులో పిస్టన్ వ్యాసం ఉండాల్సిన చోట ఇప్పటిదాకా "లైనర్‌కి తగ్గట్టు" అని రాసి ఉంది. ఈసారి అక్కడ అంకె పడాలి. ఆ అంకె కోసం వాళ్ల షాపుకే వెళ్లాలి, వాళ్ల దగ్గర ఎయిర్ గేజి, అంటే గాలితో సన్న కొలతలు తీసేది, ఉంది. నా మైక్రోమీటర్ 10 మైక్రాన్ల దగ్గరే ఆగిపోతుంది.