డెబియన్‌లో సుడో దక్కించుకోవడం: నా అనుభవం

పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ 12 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఒకటి) ఎక్కించడం ఇప్పుడే పూర్తయింది. సుడో, అంటే మామూలు యూజర్‌గా ఉంటూనే అడ్మిన్ పనులు చేయించే కమాండ్, పనిచేస్తోంది. వేడి తగ్గకముందే రాసి పెడుతున్నాను.

ఐఎస్‌ఓ (ఇన్‌స్టాలేషన్ ఫైల్) దించుకోవడం, పెన్‌డ్రైవ్‌కు ఎక్కించడం, డిస్క్ విభజన, వీటిలో చెప్పుకోవాల్సిందేమీ లేదు. వైఫై కూడా అడగకుండానే వచ్చింది. 2023లో విడుదలైన ఈ వెర్షన్ నుంచి ఫర్మ్‌వేర్‌ను (వైఫై లాంటి పరికరాలు నడవడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) అధికారిక ఐఎస్‌ఓలోనే కలిపి ఇస్తున్నారు. అంతకుముందు దాన్ని వేరుగా వెతికి తెచ్చుకోవాల్సి వచ్చేది.

చిక్కంతా ఇన్‌స్టాలర్ రూట్ పాస్‌వర్డ్ అడిగే తెర దగ్గరుంది. రూట్ అంటే అన్ని అధికారాలూ ఉండే అడ్మిన్ ఖాతా. అక్కడ పెట్టెను ఖాళీగా వదిలేస్తే రూట్ ఖాతా మూసేసి, మనం సృష్టించే మొదటి యూజర్‌కు సుడో అధికారం ఇస్తుంది. పాస్‌వర్డ్ నింపితే రూట్ ఖాతా తెరిచే ఉంటుంది, మన యూజర్‌కు సుడో రాదు. ఈ సంగతి ఆ తెర మీదే రాసి ఉంది, కాదనను. కానీ ఎక్కడ? ఊహించడానికి వీల్లేని పాస్‌వర్డ్ పెట్టుకోండి, రూట్‌కు ఖాళీ పాస్‌వర్డ్ ఉండకూడదు అని గట్టిగా హెచ్చరించాక, ఆ కింద. అది చదివినవాళ్లు పెట్టె నింపకుండా ఎలా ఉంటారు? ఇంత తేడా తెచ్చే నిర్ణయాన్ని సుడో కావాలా, రూట్ కావాలా అని సూటిగా అడిగి ఉండాల్సింది.

నింపినవాళ్లకు తర్వాత జరిగేది ఇది. టెర్మినల్‌లో 'సుడో ఆప్ట్ అప్‌డేట్' కొడితే పాస్‌వర్డ్ అడుగుతుంది. కొడుతున్నప్పుడు చుక్కలు కూడా కనబడవు, అది మామూలే. సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా, మీ పేరు సుడోయర్స్ ఫైల్‌లో (సుడో ఎవరు వాడొచ్చో రాసి ఉండే ఫైల్) లేదంటుంది. డెస్క్‌టాప్ లేకుండా ఎక్కించినవాళ్లకైతే సుడో ప్యాకేజీయే ఉండదు, 'కమాండ్ నాట్ ఫౌండ్' అని వస్తుంది. వాళ్లు ముందు రూట్‌గా మారి 'ఆప్ట్ ఇన్‌స్టాల్ సుడో' చేసుకోవాలి.

రూట్‌గా మారడానికి 'ఎస్‌యూ' కమాండ్ ఉంది. సుడో అడిగేది మన పాస్‌వర్డ్, ఎస్‌యూ అడిగేది రూట్ పాస్‌వర్డ్. ఎస్‌యూ కొట్టి లోపలికెళ్లాక, మన యూజర్‌ను సుడో గ్రూపులో (సుడో వాడే అధికారమున్న యూజర్ల జాబితా) చేర్చడానికి 'యాడ్‌యూజర్' అంటే మళ్లీ 'కమాండ్ నాట్ ఫౌండ్'. రూట్‌గా ఉండి కూడా కమాండ్ దొరకడం లేదంటే ఎవరికైనా మతిపోతుంది. కారణం ఇది: 2019లో వచ్చిన డెబియన్ 10 నుంచి ఉత్త ఎస్‌యూ పాత్‌ను (కమాండ్లను వెతికే డైరెక్టరీల జాబితా) మార్చదు. మామూలు యూజర్ పాత్‌తోనే రూట్ షెల్ (కమాండ్లు కొట్టే చోటు) తెరుస్తుంది. యాడ్‌యూజర్, యూజర్‌మాడ్ లాంటివి ఎస్‌బిన్ డైరెక్టరీలో ఉంటాయి, అది మామూలు యూజర్ పాత్‌లో ఉండదు. అందుకని ఎస్‌యూ పక్కన ఒక ఖాళీ వదిలి అడ్డగీత పెట్టాలి: 'ఎస్‌యూ -'. అప్పుడు రూట్ సొంత పాత్‌తో పూర్తి లాగిన్ అవుతుంది. పాత గైడ్లు చాలావాటిలో ఈ అడ్డగీత ఉండదు. రాసినవాళ్లు తిరిగి సరిచూడరు, చదివేవాళ్లు నలుగుతారు.

ఆ తర్వాత 'యాడ్‌యూజర్', మన యూజర్ పేరు, 'సుడో', ఇదే వరుసలో కొట్టాలి. అదే పనికి యూజర్‌మాడ్ వాడేవాళ్లు పెద్ద జీ ఒక్కటే ఇవ్వకండి, దాని ముందు చిన్న ఏ ఉండి తీరాలి: '-ఏజీ'. ఆ ఏ లేకపోతే యూజర్‌ను ఆడియో, వీడియో వంటి మిగతా అదనపు గ్రూపులన్నిటి నుంచీ తీసేసి సుడోలో ఉంచుతుంది. ఫెడోరా అనే మరో లినక్స్‌లో ఈ గ్రూపు పేరు వీల్, అక్కడి గైడు తెచ్చి ఇక్కడ వాడితే పని జరగదు.

చేర్చిన వెంటనే సుడో కొట్టి చూస్తే పాత మాటే వస్తుంది. ఇక్కడే చాలామంది ఓపిక వదిలేసి ఎవరో చెప్పారని సుడోయర్స్ ఫైల్‌ను నానో ఎడిటర్‌లో తెరిచి గెలుకుతారు. ఆ ఫైల్‌లో ఒక్క అక్షరం తప్పినా సుడో మొత్తం ఆగిపోవచ్చు. దాన్ని మార్చాల్సి వస్తే 'విసుడో' తోనే తెరవాలి, అది సేవ్ చేసేముందు వ్యాకరణం సరిచూస్తుంది. పాస్‌వర్డ్ అడగకుండా చేసే లైను పెట్టేయమని కొందరు, అన్నిటికీ 777 అనుమతులు (ఎవరైనా చదివి, మార్చి, నడిపేలా) ఇచ్చేయమని మరికొందరు సలహాలిస్తారు. కోచింగ్ సెంటర్ల నోట్సులో కూడా ఇవి చూశాను, ఒళ్లు మండింది. డబ్బు తీసుకుని నేర్పేవాళ్లకు గ్రూపు అంటే ఏమిటో చెప్పే బాధ్యత లేదా? సుడోయర్స్ ఫైల్‌కే 777 ఇస్తే సుడో దాన్ని నమ్మదు, అసలు నడవనే నడవదు.

నిజానికి అక్కడ చెడిందేమీ లేదు. గ్రూపుల జాబితా లాగిన్ అయ్యేటప్పుడు ఒక్కసారే ప్రాసెస్‌కు (నడుస్తున్న ప్రోగ్రామ్‌కు) అంటుకుంటుంది. పేరు లేకుండా 'ఐడీ' కొడితే ఇప్పుడు నడుస్తున్న షెల్ గ్రూపులు చూపిస్తుంది. 'ఐడీ' పక్కన యూజర్ పేరిస్తే రికార్డులో ఉన్నవి చూపిస్తుంది. రెండోదాంట్లో సుడో ఉండి మొదటిదాంట్లో లేకపోతే చేర్చడం జరిగింది, లాగిన్ పాతది. టెర్మినల్ కిటికీ మూసి తెరిస్తే చాలదు, కొత్త కిటికీకి కూడా డెస్క్‌టాప్ సెషన్ దగ్గరున్న పాత జాబితాయే వస్తుంది. లాగౌట్ అయి రావాలి, లేదా రీబూట్ చేయాలి.

రూట్ పాస్‌వర్డ్ కూడా మర్చిపోయినవాళ్లు మెషీన్ ఆన్ కాగానే వచ్చే గ్రబ్ మెనూలో 'ఇ' నొక్కి, 'లినక్స్' అని మొదలయ్యే లైను చివర 'ఇనిట్=/బిన్/బాష్' చేర్చి, ఎఫ్10 నొక్కండి. షెల్ రాగానే 'మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /', తర్వాత 'పాస్‌డబ్ల్యూడీ', ఆపైన 'రీబూట్ -ఎఫ్'. మెషీన్ చేతికి చిక్కిన ఎవరైనా ఇదే చేయగలరు కాబట్టి డిస్క్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకోండి.

సుడో వచ్చాక రూట్ ఖాతాను లాక్ చేయమంటారు కొందరు. నేను చేయలేదు. లాక్ చేస్తే రికవరీ మోడ్‌కు (సిస్టమ్ చెడితే బాగుచేసుకునే మోడ్) వెళ్లినప్పుడు రూట్ ఖాతా లాక్ అయి ఉందని చెప్పి షెల్ ఇవ్వదు. అవసరమయ్యేది సరిగ్గా ఆ సమయంలోనే.