పాలవాక్కం పెరట్లో చలువ పందిరి

చెన్నై పాలవాక్కంలో మా అద్దె ఇంటి వెనక ఒక చిన్న ఈత పూల్ ఉంది. ఇంటివాళ్లు ఎప్పుడో ముచ్చటపడి కట్టించుకున్నది. నడుం లోతు నీళ్లు, పక్కన డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) పలకల డెక్, చుట్టూ తెల్లటి కాంపౌండు గోడ. ఫొటోలో చాలా బాగుంటుంది. మే నెల మధ్యాహ్నం మాత్రం ఆ పలకల మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయలేం.

ఇలాంటి చోటు కూర్చోబుద్ధి అయ్యేలా ఉండాలంటే ఏం కొనాలని అడిగితే కుర్చీలు, గొడుగు, కుషన్లు, లైట్లు అంటారు. నేను మాత్రం ముందు నీడ అంటాను. చెన్నైలో నీడ, గాలి కుదిరితే నేల మీద చాప పరుచుకున్నా హాయిగా ఉంటుంది. అవి కుదరకపోతే ఎంత ఖరీదైన సోఫా వేసినా అక్కడ ఎవరూ నిలవరు.

మా ఇల్లు దక్షిణ ముఖం, పెరడు ఉత్తరాన. డిసెంబరు, జనవరిలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి మేడ నీడ డెక్ అంతా పరుచుకుంటుంది. అప్పుడు ఇల్లు చూసినవాళ్లకి పెరడు చల్లగా ఉందనే అనిపిస్తుంది. చెన్నై 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి వారంలో ఇక్కడ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కడి నుంచి ఆగస్టు మధ్య దాకా మిట్టమధ్యాహ్నం కాస్త ఉత్తరం వైపే ఉంటాడు. సరిగ్గా ఇక్కడివాళ్లు అగ్ని నక్షత్రం అనే మే నెల ముదురు ఎండల రోజుల్లో, పిల్లలకి సెలవులున్నప్పుడు, మా పెరటికి ఇంటి నీడ అన్నదే ఉండదు. గోడ వారగా ఒక పెద్ద వేపచెట్టు ఉండేదట. 2016 డిసెంబరులో వర్దా తుపాను వచ్చినప్పుడు ఊళ్లో వేల చెట్లతో పాటు అదీ కూలిపోయిందని పక్కింటి మామి చెప్పారు. ఆ చెట్టే ఉంటే ఇంత ఆలోచన అక్కర్లేకపోయేది.

నెల్లూరు నుంచి వచ్చిన మా మామయ్యగారు చూసి, "తాటాకు పందిరి వేయించమ్మా, దాన్ని మించిన చల్లదనం ఇంకెక్కడా రాదు" అన్నారు. నిజమే, ఆ పందిరి కింది చలవ నాకూ ఇష్టం. కానీ ఆకు తునకలు నీళ్లలో రాలి ఫిల్టరుకి అడ్డం పడతాయి, ఎండాకాలం నిప్పు భయం ఒకటి. అందుకే నర్సరీల వాళ్లు వాడే షేడ్ నెట్ తెచ్చాం. 50, 75, 90 శాతం అని రకాలుంటాయి, ఎంత ఎండని ఆపుతుందో ఆ లెక్క. 75 శాతానిది మాకు సరిపోయింది. ఆకుపచ్చది చవకే, కానీ దాని కింద మనుషుల మొహాలు, అన్నం, అన్నీ పచ్చగా కనిపిస్తాయి. కొంచెం ఎక్కువైనా గోధుమరంగుదే తీసుకోండి. టార్పాలిన్ మాత్రం వద్దు. వేడి గాలి పైకి పోయే దారి లేక కింద ఉక్కపోస్తుంది. మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి తిరిగిందంటే టార్పాలిన్ తెరచాపలా లాగేస్తుంది కూడా. నెట్‌లోంచి గాలి పోతుంది.

అద్దె ఇల్లు కదా, నేలకి, డెక్‌కి కన్నాలు పెట్టే వీల్లేదు. ఇంటి వైపు మేడ మీది పిట్టగోడకి తాళ్లతో కట్టాం. అవతలి వైపు సర్వి (సరుగుడు) కర్రలు నిలబెట్టాం. ఇరవై లీటర్ల పాత పెయింట్ బకెట్లలో కర్ర నిలబెట్టి కాంక్రీటు పోస్తే ఒక్కోటి దాదాపు యాభై కిలోలు తూగుతుంది. అయినా బరువుని నమ్మి ఊరుకోకుండా ప్రతి కర్రనీ కాంపౌండు గోడ మీది గ్రిల్లుకి కట్టాం. ఇల్లు మారితే అన్నీ మనతో వస్తాయి. నెట్ పూల్‌ని కూడా సగం కప్పేలా చూసుకున్నాం. ఎండ క్లోరిన్‌ని తొందరగా విరిచేస్తుంది, నీళ్లనీ తాగేస్తుంది. ట్యాంకరు నీళ్లు కొనుక్కునే మా ఏరియాలో అది చిన్న విషయం కాదు. క్లోరిన్ కూడా సాయంత్రం పొద్దుగుంకాకే వేస్తే రాత్రంతా పనిచేస్తుంది.

నీడ వచ్చాక మిగతావి తేలికైపోయాయి. డెక్ మీద ప్లాస్టిక్ చాపలు పరిచాం. తడిసినా దులిపితే సరి. నూలు జంపఖానా నాకు ప్రాణం, కానీ తడి చోట బూజు పడుతుంది, దాన్ని లోపలే ఉంచాను. కూర్చోవడానికి మామయ్యగారు ఊరి నుంచి ప్లాస్టిక్ నవారు మంచం పంపించారు. మా ఇంట్లో దానికున్న గిరాకీ దేనికీ లేదు. ఇంకో పక్క చెక్క ప్యాలెట్లు రెండు వరసలు పేర్చి బల్ల చేశాం. పాత సామాను షాపులో ప్యాలెట్లు కొనేటప్పుడు వాటి మీది ముద్ర చూడండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినవి. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినవి, వాటిని ఇంటికి తేవద్దు. దిండు గలీబులకి ఎగ్మోరు పాంథియన్ రోడ్డు పేవ్‌మెంటు మీద ముక్కల గుడ్డ కొన్నాను. అక్కడ ఓపిగ్గా తిరగాలి, బేరమాడాలి.

ఎదురు మేడ వాళ్ల కిటికీలు మా పూల్ మీదికే తెరుచుకుంటాయి. అటు వెదురు తడికలు కట్టి, కుండీల్లో రాధామనోహరం పాకించాను. తూర్పు వైపు మాత్రం ఏమీ కట్టలేదు, సముద్రపు గాలి వచ్చేది అటే. మల్లె, గడ్డి గులాబీ నెట్ అంచు దాటి ఎండలో పెట్టాను, నీడలో అవి పూయవు.

లైట్ల దగ్గర పొదుపు కన్నా జాగ్రత్త ముఖ్యం. నీళ్ల పక్కకి కరెంటు వైరు లాగొద్దు. సోలార్‌తో వెలిగే పసుపు రంగు లైట్ల దండ చాలు, తెల్ల లైటుకి వచ్చినన్ని పురుగులూ రావు.

చాపలు, నెట్, కర్రలు, కాంక్రీటు, తడికలు, గుడ్డ, లైట్లు అన్నీ కలిపి 12,000 రూపాయల లోపే అయింది. అందులో సగం నెట్‌కీ దాన్ని కట్టడానికే పోయింది, అలా పోవడమే సరైనదని నా అభిప్రాయం. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యే ముందు నెట్ విప్పి మడిచి అటక మీద పెట్టేయాలి. తుపాను హెచ్చరిక వచ్చాక తడి తాళ్ల ముళ్లు విప్పడం చాలా కష్టం. అందుకే ముడి వేసేటప్పుడే ఒక్క లాగుతో ఊడేలా వేయించుకోండి.