తలుపు అవతల ఎవరు?

మా అమ్మాయికి పదకొండేళ్లు. తెలుగు చక్కగా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. అందుకే ఒక ఒప్పందం చేసుకున్నాం: రాత్రి నేను ఏ కథ చదివినా, దాని గురించి తను తెలుగులోనే మాట్లాడాలి. నీతికథలతో మొదలుపెడితే ఆవలింతలు తప్ప ఏమీ రాలలేదు. చివరికి లైబ్రరీ నుంచి లావుపాటి పాత దెయ్యాల కథల సంకలనం తెచ్చాను. అప్పుడు కదిలింది నోరు.

మొదట డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ 1902లో రాసిన కోతి పంజా కథ చదివాను. ఇండియాలో పనిచేసి వచ్చిన ఒక సైనికుడు ఎండిపోయిన పంజా ఒకటి తెస్తాడు. మూడు కోరికలు తీరుస్తుందట. అక్కడే ఆపేసింది.

"అమ్మా, పాడు వస్తువు ఇండియా నుంచే ఎందుకు రావాలి?"

ఆ కథ కాలేజీలో ఎన్నిసార్లు చదివానో! నాకు ఎప్పుడూ తట్టలేదు. నవ్వొచ్చింది, కాస్త సిగ్గూ వేసింది. అప్పటి ఇంగ్లీషు కథల్లో ఇది మామూలేనని చెప్పాను. 1868లో వచ్చిన విల్కీ కాలిన్స్ నవలలో శాపం ఉన్న వజ్రమూ మన దేశానిదే, శ్రీరంగపట్నం ముట్టడిలో ఒక ఇంగ్లీషు అధికారి కాజేసింది. "అయితే తప్పు వజ్రానిదా, దొంగదా?" అంది. పంజాకి మంత్రం వేసిన ఫకీరునీ వెనకేసుకొచ్చింది. విధిలో వేలు పెడితే ఏడుపే మిగులుతుందని చూపించడానికే కదా ఆయన అలా చేశాడు, వీళ్లు వినకపోతే ఆయనేం చేస్తాడని. నా దగ్గర జవాబు లేదు.

మిగతా కథ ఊపిరి బిగపట్టి వింది. ముసలాయన రెండువందల పౌన్లు కోరుకుంటాడు. కొడుకు ఫ్యాక్టరీ యంత్రంలో పడి చనిపోతే, పరిహారంగా సరిగ్గా అంతే వస్తుంది. తల్లి పట్టుబట్టి కొడుకు బతకాలని రెండో కోరిక కోరిస్తుంది. రాత్రి ఎవరో తలుపు కొడతారు. ఆమె గడియ తీసేలోపు ఆయన మూడో కోరిక కోరేస్తాడు. తలుపు తీస్తే ఖాళీ రోడ్డు.

"ఎవరొచ్చారు మరి? చెప్పకపోతే ఎలా?" అని అలిగింది. చెప్పకపోవడంలోనే భయమంతా ఉందని ఎంత చెప్పినా వినదే. కోపం తగ్గించడానికి, చందమామలో చదివిన బేతాళుడి సంగతి చెప్పాను. ఆ దెయ్యం రాజు భుజం మీద కూర్చుని తనే కథ చెబుతుంది, చివర్లో ఒక చిక్కు ప్రశ్న అడుగుతుంది. తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది, చెబితే మౌనభంగమై దెయ్యం మళ్లీ చెట్టెక్కుతుంది. "మన దెయ్యానికి జవాబు కావాలి, వాళ్ల దెయ్యం జవాబివ్వదు" అని తేల్చేసింది. అంత పెద్ద వాక్యం తను తెలుగులో చెప్పగా నేను వినడం అదే మొదలు.

ఆదివారం అమ్మమ్మకి వీడియో కాల్‌లో ఆ కథంతా చెప్పింది. పంజా అనే మాట గుర్తురాక "కోతి చెయ్యి" అంది. కొడుకు చనిపోయిన చోట గొంతు తగ్గించింది, తలుపు చప్పుడు కోసం టేబుల్ మీద కొట్టింది. మా అమ్మ కళ్లజోడు సవరించుకుని ముందుకు వంగింది.

"ఇంతకీ తలుపు అవతల ఎవరే?"

"చెప్పను."

"తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, తెలుసా?"

అమ్మాయి ఒక్క క్షణం నా వైపు చూసింది.

"నాకూ తెలీదు కదా అమ్మమ్మా!"